ఆసు మీద పుట్టే చీర

పోచంపల్లికి పోయినవాళ్ళు చాలామంది నేరుగా మగ్గం దగ్గరికే వెళ్తారు. నాడె చప్పుడు, గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న నేతగాడు, పోగు వెంట పోగుగా తేలివచ్చే బొమ్మ. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ బొమ్మ మగ్గం మీద పుట్టింది కాదు. నాడెలో కండె పెట్టేనాటికే అది నూలు మీద పూర్తిగా తయారై ఉంది. ఏ పోగు ఎక్కడ ఎర్రబారాలో, ఎక్కడ తెల్లగా ఆగాలో ఎప్పుడో తేలిపోయింది. వచ్చిన పోగులను వరస తప్పకుండా పేర్చుకుంటూ పోవడమే మగ్గం వంతు. అందుకే పోచంపల్లి చూడాలనుకునేవాళ్ళు ముందుగా నూలును కొలిచి చుట్టే ఆసు దగ్గర కూర్చోవాలంటాను.

 పోచంపల్లిలో పూటంతా కూర్చుని చూడదగ్గ పని ఉంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ముందు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు దానమిస్తానన్న ఊరు ఇదే. ఆనాటి నుంచి భూదాన్ పోచంపల్లి అయింది. పాత నల్లగొండ జిల్లాలోది, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా కింద ఉంది. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021లో దీన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో చేర్చింది. వినోబా మందిరం, చేనేత మ్యూజియం గంటలో చూసేయొచ్చు. మిగతా సమయమంతా ఏదైనా ఒక పద్మశాలి ఇంటి వసారాకు కేటాయించాలి.

ఆసు చూడ్డానికి చాలా సాదా పరికరం. ఒక చట్రం. దానికి ఒకవైపు అర్ధచంద్రాకారపు వంపు, ఆ వంపు పొడవునా వరసగా మేకులు. ఎదురుగా, చెయ్యి చాచినంత దూరంలో, ఒంటరిగా ఒకే మేకు. దారం ఈ ఒంటి మేకు దగ్గర బయల్దేరి, వంపు మీది మేకును చుట్టి వెనక్కి వస్తుంది, ఒంటి మేకును చుట్టి మళ్ళీ పోతుంది. ఒక మేకుకు చెప్పినన్ని చుట్లు అయ్యాక పక్క మేకుకు జరుగుతుంది. చివరికి నూలంతా విసనకర్రలా విచ్చుకుని కనిపిస్తుంది.

వంపు ఎందుకు? మేకులను తిన్నగా ఒక చెక్కకు కొడితే ఏమవుతుంది? నడిమి మేకు దగ్గరగా, అంచుల్లోని మేకులు దూరంగా పడతాయి. పోగుల పొడవులు తేడా వస్తాయి. అదే అర్ధవృత్తమైతే, కేంద్రంలో ఉన్న ఒంటి మేకు నుంచి వంపు మీది ప్రతి మేకూ ఒకే దూరంలో ఉంటుంది. ఆ దూరం చీర పన్నాకు సరిపడేలా ఉంచుతారు. అంటే దారం ఒకసారి ఇటు నుంచి అటు పోతే చీరలో ఒక అడ్డపోగు, తిరిగొస్తే ఇంకో అడ్డపోగు. పేక మొత్తం మగ్గం ఎక్కకముందే పోగుకు పోగు కొలతతో తెగి ఉన్నట్టే, అయినా ఎక్కడా తెగకుండా ఒకే దారంగా ఉంటుంది. ఇంత లెక్కను నాలుగు చెక్కముక్కల్లో, కొన్ని మేకుల్లో ఇమిడ్చిన మనిషి ఎవరో గానీ, చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

ఆసు పోసేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఒక ఇంట్లో చూశాను. కుడిచేతి చూపుడువేలి మీదుగా దారం జారుతోంది, పెదవులు మెల్లగా లెక్కపెడుతున్నాయి, కళ్ళు మాత్రం మేకు మీంచి కదలవు. బిగువు ఎక్కువైతే పట్టుపోగు తెగుతుంది, తక్కువైతే చుట్టు వదులై పక్క గుంపులో కలుస్తుంది. “లెక్క తప్పితే బొమ్మ వంకర పోతది సార్” అంది ఆమె, చెయ్యి ఆపకుండానే. ఒక చీరకు ఆ చెయ్యి దాదాపు 9,000 సార్లు పోయి రావాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. ఒక్కో చీరకు నాలుగైదు గంటలు. భుజం, మోచెయ్యి, చూపు మూడూ అక్కడే అరిగిపోతాయి.

ఆలేరు దగ్గర శారాజిపేటలో తల్లి లక్ష్మి పడే ఈ బాధ చూసి చింతకింది మల్లేశం ఆసు యంత్రం తలపెట్టాడు. బడి చదువు మధ్యలో ఆపినవాడు. 1992లో మొదలుపెట్టి, 1999లో పూర్తిచేశాడు. చెయ్యి చేసే పనిని విడదీస్తే అందులో చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. దారాన్ని ముందుకూ వెనక్కూ నడపడం మోటారుకు తేలికే. మేకు దగ్గరికి వచ్చాక దాన్ని దాటి, చుట్టి, మళ్ళీ తిరగాలి. చెప్పిన చుట్లు పూర్తికాగానే సరిగ్గా ఒక్క మేకు పక్కకు జరగాలి. మనిషి మణికట్టు ఆలోచించకుండా చేసే ఈ చిన్న మెలికే ఏళ్ళ తరబడి అతన్ని ఆపేసింది. పొట్టకూటికి హైదరాబాదు వచ్చిన రోజుల్లో, బాలానగర్‌లో మరేదో యంత్రం కదలికలో జవాబు దొరికింది. తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నాడు. చీరకు నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. నాకు అన్నిటికంటే నచ్చేది, ఆ యంత్రం ఆసు రూపాన్ని మార్చలేదు. అదే వంపు, అదే ఒంటి మేకు. మారింది చెయ్యి ఒక్కటే.

ఇక చిటికి కట్టడం. ఒకే మేకు మీద పడిన పోగులన్నీ ఒక గుంపు, గుంపులోని పోగులన్నిటికీ రంగులు ఒకేచోట పడతాయి. గళ్ళ కాగితం మీద గీసుకున్న నమూనా ప్రకారం నూలు మీద గుర్తులు పెట్టి, రంగు తగలకూడని చోట సైకిల్ ట్యూబు నుంచి కోసిన సన్నటి రబ్బరు పట్టీని చుట్టి బిగిస్తారు. లేతరంగు ముందు, ముదురురంగు తర్వాత. తెల్లగా ఉండాల్సినవి కట్టి పసుపులో ముంచుతారు. పసుపుగా మిగలాల్సినవి కట్టి ఎరుపులో ముంచుతారు. నలుపు అన్నిటికన్నా ఆఖరు. ఈ వరసలో వెనక్కి పోవడం ఉండదు, పొరపాటున విప్పిన కట్టు మీద పడిన నలుపును ఎవరూ కడగలేరు. కట్టు అంచున రబ్బరు కిందికి వెంట్రుకవాసి రంగు పాకుతుంది. చీర మీద బొమ్మ అంచులు మెత్తగా, ఈకల్లా కనిపించడానికి ఒక కారణం అదే.

రంగులయ్యాక కట్లు విప్పి, నూలును ఆసు మీద పడిన వరసలోనే కండెలకు చుడతారు. కండెలను కూడా వరస చెడకుండా దారానికి గుచ్చి ఉంచుతారు. ఒక్క కండె ముందు వెనకలైతే పూవు సగంలో విరుగుతుంది.

మగ్గం మీద అసలు ఓపిక కనిపించేది నాడె పరుగులో కాదు, ఆ తర్వాతి క్షణంలో. పోగు పడగానే నేతగాడు అంచు దగ్గర దాన్ని వేలితో కొద్దిగా లాగుతాడు లేదా వదులుతాడు. కింది పోగులోని ఎరుపు మీద పై పోగులోని ఎరుపు కూర్చుందని కంటికి తెలిశాకే పన్నెతో దెబ్బ వేస్తాడు.

ఇదంతా పేకకు ఒక్కదానికే చిటికి కట్టినప్పటి మాట. సంస్థాన్ నారాయణపురం మండలం పుట్టపాకలో పడుగుకూ పేకకూ రెండింటికీ కట్టి నేస్తారు. పడుగు మీద ముందే వేసిన ఎర్రచుక్క మీదికి పేకలోని ఎర్రచుక్క వచ్చి పడాలి. అప్పుడే నిండు ఎరుపు, లేకపోతే మసక. ఈ జంట పని చేసే చోట్లు ప్రపంచం మొత్తంలో కొన్నే. గుజరాత్‌లో పాటన్, బాలి దీవిలో తెంగానన్, జపాన్‌లో కసూరి నేసే కొన్ని ఊళ్ళు. పుట్టపాకవాళ్ళు నేసే తేలియా రుమాలుకు మూలం చీరాల. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదనీళ్ళలో రోజుల తరబడి పిసికి నానబెట్టాక, ఎరుపు, నలుపు, తెలుపు మూడింటితోనే బొమ్మ కడతారు. ఆ పనిని నిలబెట్టినందుకు గజం గోవర్ధన్‌కు 2011లో పద్మశ్రీ దక్కింది. తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

పోచంపల్లి బజారులో ఇప్పుడు ఇదే నమూనాతో అచ్చువేసిన చీరలు కూడా అమ్ముతారు. తేడా పట్టుకోవడానికి పెద్ద విద్య అక్కర్లేదు. చీర తిరగేసి చూడండి. నూలుకే రంగు పట్టించి నేసిన బట్టకు ముందు వెనకలు ఉండవు, రెండు వైపులా బొమ్మ ఒకే నిండుతో ఉంటుంది. తర్వాత అంచును వేళ్ళతో తడమండి. నేతగాడు పోగులు సర్దిన చోట సన్నటి దారపు మెలికలు తగులుతాయి. కొందరు వాటిని లోపమనుకుని దుకాణదారుతో బేరమాడతారు. ఆ మెలికలున్నాయంటే ప్రతి పోగునూ ఎవరో చూసి సర్దారని లెక్క, కాబట్టి అడిగిన ధర ఇచ్చి తీసుకోండి.