బొటనవేలికి ముప్ఫై పాళ్లు

1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టాన్నీ ఒక రచనగానే చదవాలి. సంపాదన శక్తిలో బొటనవేలికి 30 శాతం, నాలుగు వేళ్లకు 50, మొత్తం చేతికి 60 అని దాని పట్టిక లెక్కగట్టింది. ఆ పట్టిక 2020 సామాజిక భద్రతా కోడ్‌లోకీ నడిచొచ్చింది. వేలు ఎవరిదన్న ప్రశ్న దానికి లేదు.

మక్తల్ నుంచి గుంపుమేస్త్రీ వెంట వలసపోయిన మాదిగ కూలీ చెయ్యి కాంక్రీటు మిల్లర్‌లో పోతే, ముందు వినబడేది 'నువ్వు మా కూలీవేనా?' అన్న మాటే. హాజరు పుస్తకం మేస్త్రీది, అడ్వాన్సు అప్పు కూలీది. కాంట్రాక్టరు కూలీకైనా అసలు యజమానే బాధ్యుడని 12వ సెక్షన్ అన్నది. సొంత ప్రాంతపు కమిషనర్ దగ్గరే దావా వెయ్యొచ్చని 1995 సవరణ అన్నది. మాట బాగనే ఉన్నది. సాక్ష్యం మాత్రం దెబ్బ తిన్నోడే తేవాలె.

ఆ చెయ్యే డప్పు మీద సిర్ర ఆడించేది. దానికి ఏ గడిలో అంకె రాస్తరు?