గళ్ళ గీతల హెచ్చరిక

1966 నవంబరులో ఆర్నో నది పొంగి ఫ్లోరెన్సు నగరాన్ని ముంచివేసింది. ఆ డిసెంబరులోనే సమీపాన ఉన్న పిస్తోయాలో కొందరు యువ వాస్తుశిల్పులు ఒక ప్రదర్శన పెట్టారు. అడోల్ఫో నతాలినీ, క్రిస్తియానో తొరాల్దో ది ఫ్రాంచాల 'సూపర్‌స్టూడియో' బృందం, ఆర్కిజూమ్‌తో కలిసి, అలా లోకానికి పరిచయమైంది.

వారి పేరు నిలబెట్టినది 1969 నాటి 'అవిచ్ఛిన్న స్మారకం'. అది కట్టిన భవనం కాదు. ఫొటోలు అతికించి చేసిన చిత్రాల వరుస. చదరపు గళ్ళ తెల్లని కట్టడమొకటి ఎడారులను, న్యూయార్కు నగరాన్ని కూడ దాటుకొంటూ భూగోళమంతా సాగిపోతుంది. లోకాన్నంతా ఒకే కొలతతో కొలిస్తే ఏమవుతుందో చూడండని వారి ఎత్తిపొడుపు.

చిత్రాలు అందమైనవే. మా అభ్యంతరమూ అక్కడే. ఒకే కొలత గదులు బారుగా కట్టిన ఎస్టేటు లైను ఇళ్ళలో పుట్టిపెరిగిన మన పెద్దలకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ గదుల్లో కాపురాలుండేవి. ఈ కట్టడంలో కాపురమున్నవారి జాడే కానరాదు. హెచ్చరిక మరీ నున్నగా ఉంటే చూచేవారికి కోరికలాగే తోస్తుంది.

1972లో న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియంలో వస్తువులు లేని జీవితాన్ని వారు ఊహించి చూపారు. కాని వారి గళ్ళ గీతలే తెల్లని లామినేటు మీదికెక్కి, జనొత్తా కంపెనీవారి 'క్వాదెర్నా' బల్లగా అంగళ్ళకు వచ్చాయి. 1978లో బృందం విడిపోయింది; బల్ల మాత్రం నేటికీ అమ్ముడవుతున్నది.

అయినా, ఎవరి కొరకు కడుతున్నామని తమ వృత్తివారినే నిలదీసినందుకు వారిని మెచ్చుకొనవలసిందే. మన ఊళ్ళలో ఇళ్ళు కట్టించేవారిని మనమూ ఆ ప్రశ్న అడుగుతూ ఉండాలి.