పనిస్థలంలోని చదువరి: థామస్ ఆలెన్ పరిశోధన, సాంకేతిక తెలుగు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పరిశ్రమల్లోని ఇంజనీర్లు సాంకేతిక సమాచారాన్ని ఎక్కడ వెతుక్కుంటారు, ఎలా వినియోగించుకుంటారు అనే ప్రశ్నకు థామస్ జె. ఆలెన్ 1977లో వెలువరించిన ‘మేనేజింగ్ ది ఫ్లో ఆఫ్ టెక్నాలజీ’ గ్రంథం ఇచ్చిన సమాధానాన్ని ఈ వ్యాసం విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది. సాంకేతిక తెలుగును గురించిన చర్చ ప్రధానంగా పాఠ్యపుస్తకం, పరిభాష అనే రెండు అంశాల చుట్టూ సాగుతున్నది. ఆలెన్ నిర్ధారణల వెలుగులో ఆ చర్చ పనిస్థలంలో చదివే పాఠం వైపు విస్తరించవలసి ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సాంకేతిక పాఠం, ఇంజనీరు, ద్వారపాలకుడు, వ్యాఖ్యానం, వృత్తిపదం.

1. ఉపోద్ఘాతం:
తెలుగు విమర్శలో ‘పాఠకుడు’ అన్నప్పుడు సాధారణంగా కావ్యపాఠకుడో, కథానవలల పాఠకుడో స్ఫురిస్తాడు. పని కోసం చదివేవాడు ఈ పరిశీలనలోకి అరుదుగా వస్తాడు. ఆగిపోయిన పంపు పక్కన నిలబడి మాన్యువల్ తిప్పేవాడూ, బేరింగు ఎంపిక కోసం తయారీదారు కేటలాగు చూసేవాడూ చదువరులే. వారి చదువులో పొరపాటు జరిగితే దాని ఫలితం యంత్రం మీద, ఒక్కొక్కప్పుడు మనిషి ప్రాణం మీద పడుతుంది.

2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో ఇంజనీరింగ్ బోధనకు అనుమతి ఇచ్చిన తరువాత ఈ విషయానికి ప్రాధాన్యం పెరిగింది. తెలుగులో చదివి పట్టా పొందిన ఇంజనీరు ఉద్యోగంలో చేరాక ఏమి చదువుతాడు, ఏ భాషలో చదువుతాడు అన్నది పాఠ్యపుస్తకాల అనువాదంతో తీరే ప్రశ్న కాదు.

2. ఆలెన్ పరిశోధన – ప్రధాన నిర్ధారణలు:
ఆలెన్ మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో నిర్వహణశాస్త్ర ఆచార్యులుగా పనిచేశారు. ఒకే సాంకేతిక సమస్యపై వేర్వేరు బృందాలు విడివిడిగా పనిచేసే సందర్భాలను ఆయన 1960లలో అధ్యయనానికి ఎంచుకున్నారు. ఏ పరిష్కారం వైపు మొగ్గుతున్నదీ ఇంజనీర్ల చేతనే వారం వారం నమోదు చేయించి, ఆలోచనలు ఏ మార్గంలో వచ్చాయో, వాటి ఫలితం ఎలా ఉన్నదో పోల్చి చూశారు.

ఈ అధ్యయనంలో ఇంజనీర్ల ఆలోచనలకు మూలంగా ముద్రిత సాహిత్యానికి దక్కిన వాటా స్వల్పం. వారు చదివినవాటిలో పాఠ్యపుస్తకాలు, వృత్తి పత్రికలు, సంస్థ అంతర్గత నివేదికలు ముఖ్యమైనవి. పరిశోధన పత్రికలకు అంతటి స్థానం లేదు. మెరుగైన ఫలితం సాధించినవారు తమ సంస్థలోని సహోద్యోగులను ఎక్కువగా సంప్రదించారు. పీటర్ గెర్‌స్ట్‌బెర్గర్‌తో కలిసి ఆలెన్ 1968లో ప్రచురించిన పరిశోధన మరొక విషయాన్ని నిరూపించింది. సమాచార మార్గాన్ని ఎంచుకోవడంలో ఇంజనీరు దాని నాణ్యత కన్నా అందుబాటుకే ఎక్కువ విలువ ఇస్తాడు. ఇద్దరి బల్లల మధ్య దూరం సుమారు 30 మీటర్లు దాటేసరికి వారు సాంకేతిక విషయాలు మాట్లాడుకునే అవకాశం బాగా పడిపోతుందని కూడా ఆలెన్ చూపారు.

3. తనంతట తాను పూర్తికాని పాఠం:
దీనిని ఇంజనీర్ల పఠనవిముఖతగా భావిస్తే ఆలెన్ వాదంలోని సారం జారిపోతుంది. శాస్త్రవేత్త చదివేది వాక్యం, అతని కృషికి తుది రూపం కూడా వాక్యమే. ఇంజనీరు కృషికి తుది రూపం మాత్రం వస్తువు. నివేదిక, డ్రాయింగు ఆ వస్తువుతో పాటు పుట్టే ఉపఫలాలు. వస్తువును, అది తయారైన సందర్భాన్ని పాఠకుడు ఎరిగే ఉంటాడన్న భావనతో అవి రాయబడతాయి. అందుచేత వాటిని అర్థం చేసుకోవడానికి తరచూ రాసినవారినే అడగవలసి వస్తుంది.

ఇది సాహిత్య విద్యార్థులకు కొత్త విషయం కాదు. వ్యాఖ్యానం లేనిదే సూత్రం బోధపడదు. ఆలెన్ ‘ద్వారపాలకుడు’ అని పేర్కొన్న వ్యక్తి ఇక్కడ వ్యాఖ్యాత స్థానంలో ఉన్నాడు. అతడు సహోద్యోగుల కన్నా ఎక్కువ చదువుతాడు, బయటి నిపుణులతో సంబంధాలు నిలుపుకుంటాడు, సంస్థలోని వారికి అర్థమయ్యే రీతిలో విషయాన్ని అందిస్తాడు. అయితే ఒక భేదం ఉన్నది. మల్లినాథసూరి వ్యాఖ్య లిఖితరూపం పొందింది కనుకనే శతాబ్దాల తరువాత కూడా చదువరికి అందుతున్నది. కర్మాగారంలోని వ్యాఖ్య మౌఖికం. చెప్పిన మనిషి బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా అది అతనితోనే పోతుంది.

4. ఆలెన్ పరిధి – భాష:
ఆలెన్ పరిశీలించినవి ప్రధానంగా అమెరికన్ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాలలు. ప్రతి సంస్థకూ తనదైన సంకేతభాష ఏర్పడుతుందని, అది బయటివారితో సంభాషణకు అడ్డమవుతుందని ఆయన గుర్తించారు. కాని ఆ సంకేతభాషలన్నీ ఆంగ్లంలోని భేదాలే. మాన్యువల్ ఒక భాషలో ఉండి, దానిని అమలుచేసే చేతులు మరో భాషలో ఆలోచించే పరిస్థితి ఆయన చట్రంలోకి రాలేదు.

తెలుగు ప్రాంతపు కర్మాగారాలలో ఆ పరిస్థితి సాధారణం. మాన్యువల్ ఆంగ్లంలో ఉంటుంది, పని తెలుగులో నడుస్తుంది. బేరింగు ‘పట్టేసింది’ అనీ, బోల్టు మర ‘అరిగింది’ అనీ చెప్పే భాషకూ, మాన్యువల్ భాషకూ మధ్య నిలిచిన ఇంజనీరు రెండు పనులు చేస్తున్నాడు. ఒకటి వ్యాఖ్యానం, రెండవది అనువాదం. ఈ అనువాదాన్ని సరిచూసేవారు లేరు. ‘ముందు పీడనం తగ్గించి, తరువాత వాల్వు తెరవాలి’ అన్న ఆదేశంలో ‘ముందు’, ‘తరువాత’ తారుమారైతే ఆ దోషం ఏ కాగితం మీదా కనిపించదు.

చట్టం ఈ అవసరాన్ని కొంతవరకు గుర్తించింది. కర్మాగారంలో ప్రదర్శించే చట్టబద్ధమైన నోటీసులు ఆంగ్లంతో పాటు కార్మికులలో అధికసంఖ్యాకులకు అర్థమయ్యే భాషలో ఉండాలని 1948 నాటి కర్మాగారాల చట్టం 108వ విభాగం నిర్దేశించింది. అయితే ఆ విభాగం పరిధి గోడమీది నోటీసు వరకే ఉండేది. చేతిలోని మాన్యువల్ దానిలోకి రాలేదు.

5. తెలుగులో ఉన్న పూర్వరంగం:
ఈ పనికి తెలుగులో మార్గదర్శకం లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ చేపట్టిన మాండలిక వృత్తి పదకోశాలలో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన వ్యవసాయ పదాల సంపుటం 1962లోనూ, చేనేత పదాల సంపుటం 1971లోనూ వెలువడ్డాయి. పదాన్ని కల్పించడం కాక, పనిచేసేవారి నోట ఉన్న పదాన్ని సేకరించడం వాటి పద్ధతి. పాఠ్యపుస్తక పరిభాషా నిర్మాణం సాధారణంగా దీనికి ఎదురు దిశలో, ఆంగ్లపదం నుంచి సంస్కృత సమాసానికి నడిచింది. అందుబాటే ఎంపికను నిర్ణయిస్తుందన్న ఆలెన్ సూత్రాన్ని అన్వయిస్తే, పని మధ్యలో ఎవరి నోటా లేని సమాసం కన్నా చేతికందే ‘వాల్వు’, ‘గ్యాస్కెట్’ అనే పదాలనే చదువరి ఎంచుకుంటాడు. ఆ ఎంపికను భాషాలోపంగా పరిగణించనవసరం లేదు.

6. ముగింపు:
ఆలెన్ గ్రంథం వెలువడిన తరువాత సమాచారం చేరే మార్గాలు మారాయి. నేడు వెతికిన క్షణంలోనే వేల పుటలు తెరమీదికి వస్తాయి. అయినా అందులో ఏది తన యంత్రానికి వర్తిస్తుందో తేల్చుకోవడానికి అనుభవజ్ఞుని మాట అవసరమవుతూనే ఉన్నది. కనుక సాంకేతిక తెలుగు కృషి తరగతి గదితో ముగియకూడదు. విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు కర్మాగారాల్లో వినిపించే వృత్తిపదాలను సేకరించడం, నిర్వహణ, భద్రతా సూచనలను ఇంజనీర్లతో, కార్మికులతో కలిసి తెలుగులో రాసి, పనిచేసేవారి చేత చదివించి సరిచూడడం పరిశోధనకు అర్హమైన అంశాలు. అప్పుడే నేడు నోటిమాటగా మిగిలిపోతున్న వ్యాఖ్య, తరువాత వచ్చేవారికి పాఠంగా అందుతుంది.