వెనక్కి తిరిగిన కారు

“నియమాలూ గియమాలూ పక్కన పెట్టి, మనసు చెప్పినట్టు ఫొటో తియ్యి” అన్న సలహా తరచుగా వింటూంటాం. వినడానికి హాయిగానే ఉంటుంది. కాని ఆ మనసు ఏ బడిలో చదువుకుంది? దాని మాట ఎందాకా వినాలి? ఈ సంగతి తేలాలంటే అమెరికన్ ఫొటోగ్రాఫర్ డొరొతియా లాంగ్ తీసిన “మైగ్రెంట్ మదర్”, అంటే వలస తల్లి ఫొటోని, ఓసారి తీరిగ్గా చూడాలి.

చెంపకి చెయ్యి చేర్చుకున్న తల్లి. ఆవిడ భుజాలకి ఆనుకుని, మొహాలు అటు తిప్పేసుకున్న ఇద్దరు పిల్లలు. ఒళ్ళో పసిబిడ్డ. అంతే! 1936 మార్చిలో, ఆర్థిక మాంద్యపు రోజుల్లో, కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠాణీ కోత కూలీల గుడారాల్లో తీసిందది.

లాంగ్ ఆనాడు ప్రభుత్వం పనిమీద నెల్లాళ్ళు తిరిగి, వానలో ఇంటిముఖం పట్టింది. దారిలో కూలీల శిబిరం బోర్డు కనిపించింది. తీసినవి చాల్లెమ్మని తనకు తనే నచ్చజెప్పుకుంటూ 20 మైళ్ళు సాగిపోయింది. అంతలో ఏం తోచిందో, కారు వెనక్కి తిప్పేసింది. ఈ ముచ్చట 1960లో ఆవిడే రాసుకుంది. శిబిరంలో గడిపింది కాసేపే. దగ్గరికి, మరింత దగ్గరికి జరుగుతూ తీసినవి ఆరో ఏడో ఫొటోలు.

బుద్ధి ఇంటికి పొమ్మంది, మనసు వెనక్కి రమ్మంది. మనసే గెలిచింది. నిజమే. కాని అది నిన్నగాక మొన్న కెమేరా పట్టిన మనసు కాదండీ! శాన్‌ఫ్రాన్సిస్కోలో సొంత స్టూడియో పెట్టుకుని, ఏళ్ళ తరబడి మనుషుల మొహాలు చదివిన మనసు. మనం కూరలో ఉప్పు కొలిచి వేస్తామా? కంటిదిట్టం అంటాం. ఎన్నేళ్ళు పొయ్యి దగ్గర నిలబడితే అది అబ్బిందో మన చేతికే తెలుసు.

మరో సంగతి. ఆ ఫొటోలో కుడివైపు కిందగా, గుడారపు గుంజని పట్టుకున్న బొటనవేలొకటి ఉండేది. అది చూపుకి అడ్డమనుకుందేమో, తర్వాత కొన్నాళ్ళకి లాంగ్ దాన్ని నెగెటివ్‌లో చెరిపించేసింది. నాకైతే ఆ వేలు ఉంటేనే బాగుండేది. ఏదో ఒకటి పట్టుకుని నిలదొక్కుకునే ఆడదాని చెయ్యి కదూ అది! తీసేటప్పుడు మనసుని నమ్మిన మనిషి, దిద్దేటప్పుడు ఎందుకు నమ్మలేదో!

అంతకంటే పెద్ద లోటు ఇంకోటుంది. ఆ తల్లి వయసు 32 అని లాంగ్ రాసింది. పేరు మాత్రం అడగలేదు. ఆవిడ ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని 1978లో గాని లోకానికి తెలియలేదు. ఫొటోలు పత్రికలో పడ్డాక శిబిరానికి తిండిగింజలు వచ్చాయి. అప్పటికే ఆ కుటుంబం అక్కణ్ణుంచి వెళ్ళిపోయింది. కారు టైర్లు అమ్ముకుని తిండి కొనుక్కున్నారని లాంగ్ రాస్తే, అదంతా అబద్ధమన్నారు పిల్లలు. ఊరూరా తిరిగిన తన బొమ్మవల్ల తనకో పైసా ముట్టలేదని ఆ తల్లి వాపోయింది.

ఫొటో గొప్పదే. ఎన్నిసార్లు చూసినా గుండె పట్టేస్తుంది. అందుకే ఈ లోటు మరీ బాధిస్తుంది. మనసు కారుని వెనక్కి తిప్పగలదు, ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు మీట నొక్కాలో చెప్పగలదు. ఎదుటిమనిషి పేరేమిటో, ఆమె కథేమిటో చెప్పలేదు. అది నోరు తెరిచి అడగవలసిందే.

ఇవాళ ప్రతి చేతిలోనూ ఫోనుంది. సంతలో గాజులమ్మే అవ్వ మొహం చూసి మనసు ఆగమంటే తప్పక ఆగండి. ఫొటో తీసుకోండి. అవ్వ పేరు కూడా అడగండి మరి!