ఒకే సువార్త, రెండు స్పందనలు

క్రైస్తవ సువార్తను ఒకరు ఆదరించడానికి, మరొకరు తోసిపుచ్చడానికి కారణం వినేవారి హృదయంలోనే ఉందని బోధకులు తరచు చెబుతూ, ఒకే విత్తనం రాతినేలలో, ముళ్లపొదల్లో ఫలించక, మంచినేలలో మాత్రం ఫలించిందని యేసు చెప్పిన విత్తువాని ఉపమానాన్ని అందుకు ఆధారంగా చూపుతారు. పంతొమ్మిదో శతాబ్దపు తెలుగునాట మిషన్ల చరిత్ర చదివినవారికి మాత్రం, నేల గుణం కంటే ఆ మాట ఎవరి నోట, ఏ దారిన వచ్చిందన్నదే ఎక్కువగా పనిచేసినట్లు తోస్తుంది.

1840లో నెల్లూరులో స్థిరపడిన అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు పాతికేళ్లపాటు చెప్పుకోదగ్గ ఫలితం కనిపించక, దాన్ని మూసివేయాలన్న ప్రతిపాదన ఒకటికి రెండుసార్లు వచ్చింది. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో నెలకొల్పిన పాఠశాలలో అగ్రవర్ణ విద్యార్థులు బైబిలు చదివినా, బాప్తిస్మం, అంటే క్రైస్తవ సంఘంలో చేర్చుకొనే నీటి సంస్కారం, పొందినవారు కొద్దిమందే. అక్కడ విశ్వసించినవాడు ఒంటరిగా బయటికి రావలసి వచ్చేది, ఇల్లూ బంధువర్గమూ ఒక్కసారిగా దూరమయ్యేవి.

ఒంగోలు ప్రాంతంలో జరిగింది ఇందుకు భిన్నం. అంతకుముందే రాజయోగ సాధన చేసిన తోళ్ల వ్యాపారి, మాదిగ కులస్థుడు యెర్రగుంట్ల పేరయ్య క్రైస్తవ బోధను స్వీకరించాక, అది వియ్యపు బంధుత్వాల వెంట, తోళ్ల వ్యాపారపు దారుల వెంట ఊరూరికీ పాకింది. కుటుంబాలకు కుటుంబాలు కలిసి చేరే ఈ పద్ధతినే చరిత్రకారులు సామూహిక ఉద్యమం అన్నారు. పోగొట్టుకోవడానికి ఏమీ లేనివారే చేరారన్న వాదం నిలిచేది కాదు, ఎందుకంటే ఆదివారం పని చేయకూడదని, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదని, జాతర్లలో డప్పు కొట్టకూడదని సంఘం పెట్టిన నియమాలు ఆసాములతో నేరుగా తగవు తెచ్చిపెట్టాయి.

1876-78 నాటి కరువులో తిండి కోసమే చేరారన్న ఆరోపణ ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ నింద రాకూడదనే మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకొని వేలమందికి కూలి చూపిస్తూనే, ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపివేశాడు. వాటిని తిరిగి మొదలుపెట్టాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరువు ప్రభావం లేదనలేము, కాని దానితోనే అంతా తేలిపోదు: అదే ఆకలిని అనుభవించిన మాలలు అక్కడ చాలావరకు దూరంగా ఉండిపోయారు. దీనికి భిన్నంగా, కృష్ణా ప్రాంతపు రాఘవాపురంలో మాల కులస్థుడైన పాగోలు వెంకయ్య 1859లో బాప్తిస్మం పొందాక, ఆ చుట్టుపక్కల మాలలే ముందు నడిచారు.

చేరినవారి సంఖ్యలను మిషన్ నివేదికలు జాగ్రత్తగా నమోదు చేశాయి గాని, విని వెనుదిరిగినవారి కారణాలు వాటిలో అరుదు. ఆ కథలు పల్లెల్లోని పాత కుటుంబాల నోట ఇంకా మిగిలి ఉంటే, వాటిని రాసిపెట్టే పని స్థానిక చరిత్రకారులు ఆలస్యం లేకుండా చేపట్టాలి.