బండిదే ఊరు?

కారు కొనబోయే మనవాళ్లు షోరూమ్‌లో మొదట చేసే పని తలుపు తీసి వేయడం. దభీమని పడితే తలాడిస్తారు. టక్కుమంటే 'రేకు పలచన' అని పెదవి విరుస్తారు. తర్వాత మైలేజీ ఎంతిస్తుందని అడుగుతారు. సేల్స్ కుర్రాడు బ్రోషర్ తేవడానికి లోపలికి వెళ్లగానే పక్కవాళ్ల చెవిలో అడిగేదే అసలు ప్రశ్న: "ఇంతకీ ఇది ఏ దేశం బండి?"

మా చుట్టాల్లో ఎవరు కారు కొన్నా ముందు నాకో ఫోన్ రావడం ఆనవాయితీ. నేను మెకానిక్‌ని కాను. కార్ల మీద దొరికిందల్లా చదువుతాను, సర్వీసింగ్ షెడ్డుకు వెళితే బండి పని అయిపోయినా నేను కదలను. అర్హత అంతే. ఆ ఫోన్లలో దేశం ప్రశ్న తప్పకుండా వస్తుంది. జర్మనీ అంటే గట్టిది, జపాన్ అంటే చెడిపోదు, కొరియా అంటే లోపల హంగులు, చైనా అంటే వద్దు, మనదంటే 'కాస్త చూసి కొనాలి'. తీర్పు ముందే రాసి పెట్టుకుని, కింద నా చేత సంతకం పెట్టించుకోవడానికి అడుగుతారు.

వాళ్లను తప్పుపట్టలేను. అంబాసిడర్, ఫియట్ తప్ప మూడో కారు కనబడటమే అరుదైన రోజుల్లో పెరిగిన ఇళ్లు మావి. ఆ అంబాసిడర్ మాత్రం అచ్చంగా మనదా ఏమిటి? బ్రిటన్‌లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌గా పుట్టింది, బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 2014 దాకా బతికింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పుడు తొలి బళ్ల విడిభాగాలు జపాన్ నుంచే దిగాయి. ఆ తర్వాత చాలా ఏళ్లు పాత మారుతి అమ్మేవాళ్లు "జపాన్ ఇంజినండీ ఇది" అని ఒక్కమాట వేస్తే, కొనేవాళ్లు బేరం ఆడటానికి మొహమాటపడేవారు.

ఇప్పుడు ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే కష్టమైపోయింది. ఎంజీ హెక్టర్ ఉంది. పేరు ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైన మోరిస్ గ్యారేజెస్ వాళ్లది. ఆ పేరు నేడు షాంఘైకి చెందిన సాయిక్ చేతిలో ఉంది. ఇక్కడి కంపెనీలో మన జేఎస్‌డబ్ల్యూకి వాటా ఉంది. బండి తయారయ్యేది గుజరాత్‌లోని హలోల్‌లో. ఆ ఫ్యాక్టరీ అంతకుముందు అమెరికా కంపెనీ జనరల్ మోటార్స్‌ది, అక్కడ జర్మన్ పేరున్న ఒపెల్ ఆస్ట్రాలు తయారయ్యేవి. జాగ్వార్, ల్యాండ్ రోవర్‌లు 2008 నుంచి టాటాలవి. వోల్వో కార్లు 2010 నుంచి చైనా కంపెనీ జీలీవి. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని మన పెద్దలు ఊరికే అన్లేదు. బ్యానెట్ మీద బొమ్మ చూసి దేశం చెప్పేవాళ్లకు ఆ సామెత సరిపోతుంది. కొన్నిసార్లు తలకిందులుగా కూడా సరిపోతుందనుకోండి.

బండి ఎక్కడ తయారైందో తెలుసుకోవడం మాత్రం తేలిక. ఛాసిస్ నంబరు చూస్తే చాలు. అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం 17 ఉంటాయి. మొదటి మూడూ తయారుచేసినవాళ్ల ఆనవాలు. వాటిలో మొదటి అక్షరం జె అంటే జపాన్, కె అంటే కొరియా, డబ్ల్యు అంటే జర్మనీ, ఎల్ అంటే చైనా. అమెరికా బళ్లు ఎక్కువగా 1, 4, 5 అంకెలతో మొదలవుతాయి. మనదేశంలో మారుతిది ఎంఏ3, హ్యుందాయ్‌ది ఎంఏఎల్, టాటాది ఎంఏటీ. కొన్ని బళ్లకు ఈ నంబరు అద్దాల మీదే చెక్కి ఉంటుంది. పార్కింగులో వంగి వంగి దాన్ని చదవడం నాకు దురలవాటైంది. వాచ్‌మన్లు నా వెనకే వచ్చి నిలబడతారు.

అయితే ఆ నంబరు ఎక్కడ బిగించారో చెబుతుంది గానీ, ఎవరి కోసం బిగించారో చెప్పదు. నా పేచీ అంతా అక్కడే.

2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసింది. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో. ఐదింటికీ పెద్దల రక్షణలో సున్నా చుక్కలే (స్టార్లు) వచ్చాయి. జపాన్, భారత్, కొరియా, అమెరికా, జర్మనీ కంపెనీలు ఒకే వరసలో నిలబడ్డాయి. ఇందులో పోలో కథ నాకు పదేపదే గుర్తొస్తుంది. పుణె దగ్గర చాకణ్‌లో కట్టిన జర్మన్ బండి. గుద్దినా గూడు నిలిచింది. లేనిది ఎయిర్‌బ్యాగ్. అదే పోలోకు రెండు ఎయిర్‌బ్యాగులు పెట్టి మళ్లీ గుద్దిస్తే నాలుగు చుక్కలు వచ్చాయి. కంపెనీ ఆ తర్వాత రెండు ఎయిర్‌బ్యాగులు లేని పోలోను ఇక్కడ అమ్మడం మానేసింది. ఫ్యాక్టరీ మారలేదు, దేశం మారలేదు, పనివాళ్లు మారలేదు. అప్పటిదాకా ఎయిర్‌బ్యాగ్ ఎందుకు పెట్టలేదంటే, మన చట్టం అడగలేదు, మనమూ అడగలేదు. అడిగింది అల్లాయ్ వీల్స్, టచ్ స్క్రీన్.

అంతకంటే చేదు సంగతి ఇంకోటుంది. మారుతి ఎస్-ప్రెస్సోని 2020లో మన మార్కెట్ రూపంలో పరీక్షిస్తే సున్నా వచ్చింది. దక్షిణాఫ్రికాలో అమ్మే ఎస్-ప్రెస్సోని 2022లో పరీక్షిస్తే మూడు చుక్కలు వచ్చాయి. అదీ ఇక్కడ తయారై ఓడెక్కిందే. మనకు ఇచ్చిన దానిలో ఒక ఎయిర్‌బ్యాగ్, వాళ్లకు పంపిన దానిలో రెండు. 'మేడ్ ఇన్ ఇండియా' అన్న ముద్ర రెండింటి మీదా ఒక్కటే. ఇక దేశం చూసి కొనేవాడు ఏం చూసినట్టు?

ఈలోగా లెక్క మెల్లగా మారుతూ వచ్చింది. డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ 2019లో, పక్క సీటుది 2021లో తప్పనిసరి అయ్యాయి. 2018లో టాటా నెక్సాన్ ఐదు చుక్కలు తెచ్చుకుంది. 2023 అక్టోబరులో మన సొంత పరీక్ష భారత్ ఎన్‌క్యాప్ మొదలైంది. ఎస్-ప్రెస్సోకు సున్నా తెచ్చుకున్న మారుతే 2024 నవంబరులో కొత్త డిజైర్‌కు ఐదు తెచ్చుకుంది. ఈ పదేళ్లలో మన దేశం మరో దేశమైపోలేదు, కంపెనీల జాతకాలూ మారలేదు. చట్టం గట్టిపడింది, చుక్కలెన్ని అని అడిగేవాళ్లు పెరిగారు. బండి నాణ్యతను నిర్ణయించేది కట్టినచోటు కంటే అమ్మేచోటే అని నేను గట్టిగా నమ్మేది ఇందుకే.

జపాన్ వాళ్ల సంగతి చూడండి. గురుగ్రామ్‌లో తయారయ్యే ఐదు తలుపుల జిమ్నీని సుజుకి 2025 జనవరిలో జిమ్నీ నోమేడ్ పేరుతో అక్కడ ప్రకటించింది. నాలుగు రోజుల్లో యాభై వేల దాకా ఆర్డర్లు వచ్చిపడి, ఇక చాలని బుకింగులు ఆపేశారు. ఇండియా బండి కదా అని అక్కడివాళ్లు వెనకాడలేదు. మనం 'జపాన్ ఇంజినా?' అని అడిగినన్నాళ్లు అడిగాం, ఇప్పుడు జపాన్ వాళ్లు మన బండి కోసం వరసలో ఉన్నారు. అదే జిమ్నీ 2023 జూన్ నుంచి మన షోరూముల్లో ఉంటే మనవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. ధర ఎక్కువన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు గానీ, నాకు మాత్రం కాస్త చివుక్కుమంది.

అమెరికాలో ఉండే మా మేనల్లుడి ఫోను మరో రకం. "మావయ్యా, అమెరికాలో బిగించిన కొత్త బండైతే లోను వడ్డీ మీద పన్ను మినహాయింపు ఉందట. క్యామ్రీ తీసుకుంటే వర్తించదు కదా, జపాన్‌ది?" అన్నాడు. క్యామ్రీలు 1988 నుంచి కెంటకీలోని జార్జ్‌టౌన్‌లో తయారవుతున్నాయిరా అంటే నమ్మలేదు. హోండా అకార్డ్ అయితే 1982లోనే ఒహాయోలోని మేరీస్‌విల్‌లో మొదలైంది. మరోవైపు, అమెరికా కంపెనీ బ్యూక్ అమ్మే ఎన్‌విజన్ చైనా నుంచి దిగుమతి అవుతోంది. అక్కడ ప్రతి కొత్త బండి అద్దానికీ ఒక చీటీ ఉంటుంది. ఎక్కడ బిగించారు, ఇంజిను ఏ దేశానిది, భాగాల్లో అమెరికా, కెనడాలవి ఎంత శాతం, అన్నీ అందులో ఉంటాయి. 1992లో చేసిన చట్టం పెట్టించిన చీటీ అది. మన షోరూముల్లో అలాంటిది ఉంటే నా ఫోను సగం మోగదు. ఇంతా చేసి, మొగుడూపెళ్లాల జీతాలు కలిపితే ఆ మినహాయింపు పరిమితి దాటిపోయిందని వారం తర్వాత చెప్పాడు.

చైనా మాట వచ్చినప్పుడు మాత్రం నేను లెక్కలు పక్కన పెడతాను. 2020 జూన్‌లో గల్వాన్‌లో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు ప్రాణం పోయాక, చైనా పేరుంటే కొననని ఒట్టు పెట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. అది వాళ్ల మనసుకు సంబంధించిన నిర్ణయం, దానికి చుక్కల పట్టిక చూపించి వాదించడం మర్యాద కాదు. ఒట్టు నిలబెట్టుకోవడం ఎంత కష్టమో మాత్రం చెబుతాను. మన టాటా నెక్సాన్ ఈవీలో వాడిన బ్యాటరీ సెల్స్ చైనా కంపెనీ గోషన్‌వి. తిరుమల ఘాట్ ఎక్కే ఒలెక్ట్రా కరెంటు బస్సు హైదరాబాద్ కంపెనీదే, సాంకేతికత చైనా బీవైడీది. 2025 ఏప్రిల్‌లో చైనా తన అరుదైన ఖనిజాల అయస్కాంతాల ఎగుమతికి అడ్డుకట్ట వేస్తే, మన కార్ల కంపెనీలన్నీ ఢిల్లీకి పరుగెత్తాయి.

డబ్బు దగ్గర దేశం లెక్కలోకి వస్తుంది, అది వేరే సంగతి. విదేశంలో పూర్తిగా తయారై దిగిన ఖరీదైన బండికి ధరంత సుంకం కట్టాల్సి వచ్చింది చాలాకాలం. విడిభాగాలుగా తెచ్చి ఇక్కడ బిగిస్తే భారం బాగా తగ్గుతుంది. స్పేర్ల సంగతీ అంతే. ఇక్కడ తయారయ్యే బండికి బంపరు దొరకడం వేరు, ఓడలో రావలసిన బంపరు కోసం షెడ్డులో బండిని నెలల తరబడి వదిలేయడం వేరు. షెవర్లే 2017 చివర్లో అమ్మకాలు ఆపింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడి తయారీ చాలిస్తున్నామంది. సర్వీసు కొనసాగిస్తామన్నారు. అయినా పాత బళ్ల బజారులో ఆ పేర్లు వినగానే బేరగాడి గొంతు మారింది. అందుకే ఏ దేశం బండి అని అడిగినవాళ్లకు నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ఫ్యాక్టరీ ఇంకో పదేళ్లు ఇక్కడ ఉంటుందా, మీ జిల్లా కేంద్రంలో సర్వీస్ సెంటర్ ఉందా?

అప్పటి అనంతపురం జిల్లాలోని పెనుకొండ విషయంలో నా నిష్పక్షపాతం కాస్త సడలుతుందని ఒప్పుకోవాలి. విజయనగర రాజులు తళ్లికోట యుద్ధం తర్వాత తలదాచుకున్న ఊరు, వాన కోసం ఆకాశం చూసే నేల. అక్కడ ఫ్యాక్టరీ పెట్టడానికి 2017లో కొరియా కంపెనీ కియాతో ఒప్పందం కుదిరింది, 2019 ఆగస్టులో సెల్టోస్ బయటికొచ్చింది. మొదట ఏడాదికి మూడు లక్షల బళ్ల సామర్థ్యంతో కట్టిన ఫ్యాక్టరీ. ఆ చుట్టుపక్కల కొరియా భాషలో హోటల్ బోర్డులు వెలిశాయి. ఆ బండిని అనంతపురం బండి అంటే ఎంత నిజమంటే, ఇంజిన్లు చాలావరకు తమిళనాడులోని హ్యుందాయ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి. అయినా హైవే మీద సెల్టోస్ దాటిపోతే, ఇది మావైపుదే అని నోటికి వచ్చేస్తుంది.

ఆ వైపువాళ్లే ఒకాయన, కొడుకు ఆ ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు కాబట్టి సెల్టోసే కొంటానని ఫోన్ చేశారు. నేను ఎదురు చెప్పలేదు. బయటి దేశాలకు పంపే బండికీ మనకిచ్చే బండికీ తేడా ఏమైనా ఉందేమో, ఇంట్లోనే మనిషి ఉన్నాడు కదా, ఓసారి అడగండి అన్నాను. అడిగారట. "నాకేం తెలుసు నాయనా, నేనుండేది పెయింట్ షాపులో, నాకన్నీ ఒకటే రంగు" అన్నాడట వాడు.