భుజం మార్పు

2023 జనవరి 26న ఢిల్లీ కర్తవ్యపథ్ మీద మన రాష్ట్ర శకటం వస్తోందంటే కోనసీమలో చాలా ఇళ్లు టీవీకి అతుక్కుపోయాయి. ఆ ఏడాది శకటం ప్రభల తీర్థం మరి. వాట్సాప్ గ్రూపుల్లో ముందురోజు నించే హడావుడి. మా వీధిలో ఒక పెద్దాయన మాత్రం శకటం దాటిపోయేదాకా రెప్ప వెయ్యకుండా చూసి, "బానే ఉందండి. ఎవరూ మొయ్యట్లేదేంటండీ?" అన్నారు.

అందరం నవ్వాం. చక్రాల బండి మీద పెట్టినదాన్ని ఎవరు మోస్తారు? అయినా ఆయన అడిగింది చాదస్తం కాదు. వయసులో ఉండగా గంగలకుర్రు ప్రభ కింద భుజం పెట్టిన మనిషాయన. ప్రభని ఎదురుగా నిలబడి చూసింది తక్కువ. ఆయనకి ప్రభంటే పైన మెరిసే రంగులు కావు. మెడ పక్కన నొక్కుకునే బొంగు, ముందువాడి వీపు, కాలి కింద బురద.

తెలియని వాళ్ల కోసం నాలుగు ముక్కలు. కనుమనాడు అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ల శివుళ్లు ప్రభల మీద, అంటే మనుషులు భుజాల మీద మోసే ఎత్తైన చట్రాల మీద, వస్తారు. వ్యాఘ్రేశ్వరం, మొసలపల్లి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, పుల్లేటికుర్రు, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, కె.పెదపూడి. ఏకాదశ రుద్రులంటాం. మొసలపల్లి భోగేశ్వరుడిది ఆతిథ్యం, వ్యాఘ్రేశ్వరుడిది పెద్దరికం. ఆయన ప్రభ తోటలోకి రాగానే మిగతా ప్రభలన్నిటినీ ఒక్కసారి పైకి లేపి మర్యాద చేస్తారు. నాలుగు వందల ఏళ్ల నాటి తీర్థమని చెప్పుకుంటాం. తమాషా ఏంటంటే, తోటలో గుడి లేదు. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. మర్నాడు పొద్దున్న వెళ్తే చెరుకు పిప్పి, ఖర్జూరం కాగితాలు, పిల్లలు పారేసుకున్న బూరాలు కనపడతాయి. ఆ తర్వాత ఏడాది పొడుగునా అది ఉత్త కొబ్బరితోట. వారసత్వ సంపద అని బోర్డు పెడదామన్నా దేని ముందు పాతాలో తెలీదు.

ప్రభ కూడా అలాంటిదే. చట్రంలో నికార్సైన చెక్క ఏదైనా ఉంటే దాచుకుంటారు గానీ, మిగతాదంతా ఏటేటా కట్టడం, విప్పడం. తాటి శూలాలు, టేకు చెక్కలు, వెదురు బొంగులు, మర్రి ఊడలు. వీటిలో నాకు ముచ్చటైంది ఊడ. పచ్చిగా ఉన్నప్పుడే వంచాలి. రెండ్రోజులు ఎండిందంటే వంపులో నెర్రె వస్తుంది. బొటనవేలు లావు ఊడని ఇద్దరు పట్టుకుంటారు. ఒకడు వంచుతాడు, ఒకడు కడతాడు. వంచేవాడికి బలం ఉంటే చాలు, కట్టేవాడికి చెవి కావాలి. నారలోపల సన్నగా చిటుక్కుమనబోయే ముందు ఒక మూలుగు లాంటిది వస్తుంది, అది విని "ఆఁ, ఆగు" అనాలి. ఎంత దూరం వంచాలన్నది ఎవరూ కొలిచి చెప్పరు. మా మేనమామగారైతే ఊడ వైపు చూసేవారే కాదు. అరుగు మీద ఎవరితోనో ఎరువుల ధర మాట్లాడుతూనే "ఆగరా" అనేవారు.

చట్రం నిలబడ్డాక ఎర్ర బట్ట, రంగురంగుల నూలు, నెమలి పింఛాలు, వరికంకుల కుచ్చులు, జేగంటలు. ఇక్కడే గొడవలు. అలంకారం చేసే కుర్రాళ్లు ఇంకో దండ, ఇంకో గంట అంటారు. మోసే బ్యాచ్‌వాళ్లు వద్దంటారు. పైన కట్టిన ప్రతి గంటా కింద ఎవడో ఒకడి భుజం మీదకే వస్తుంది. పైగా బరువు ఎత్తున ఉంటే గాలికి ప్రభ ఊగుతుంది. అందం ఎంతవరకు అన్నది చివరికి మోసేవాళ్లే తేలుస్తారు. కళల గురించి నేను చదివిన వ్యాసాల్లో ఈ ఏర్పాటు ఎక్కడా కనపడలేదు.

గంగలకుర్రు, అగ్రహారం ప్రభలు ఎగువ కౌశిక అనే ఏరు దాటి రావాలి. పడవ కట్టరు, వంతెన ఎక్కించరు. నీళ్లలోకి దిగుతారు. ఛాతీ దాకా నీళ్లు, నెత్తి మీద అంత ఎత్తు ప్రభ, రెండు గట్ల మీదా జనం, "అశ్శరభ శరభ" అని అరుపులు. మధ్యలో పొలాలు అడ్డం వస్తే దాళ్వా నాట్ల మీంచే తీసుకుపోతారు. రైతు ఏమీ అనడు. ప్రభ తొక్కిన మడి బాగా పండుతుందని ఇక్కడ నమ్మకం. మామూలు రోజుల్లో గట్టు జానెడు జరిగితే ఆర్డీవో ఆఫీసుకెక్కే మనుషులే వీళ్లంతా!

చూడ్డానికొచ్చిన వాళ్లకి కనపడనిది ఒకటుంది, భుజం మార్పు. అంతమందీ మొదట్నించి చివరిదాకా మొయ్యలేరు. అలాగని ప్రభని దారిలో దింపడానికి లేదు. నడుస్తుండగానే మనిషి మారాలి. కొత్తవాడు పక్కనించి వచ్చి ముందు నాలుగడుగులు జత కలుపుతాడు. పాతవాడి ఎడమ కాలు పడ్డప్పుడు వీడి ఎడమ కాలు పడాలి. అప్పుడు బొంగు కింద, పాతవాడికి కాస్త ముందుగా, భుజం పెడతాడు. బరువు వీడి మీదకి వచ్చిందని తెలియగానే పాతవాడు మోకాలు కొంచెం వంచి పక్కకి జారుకుంటాడు. ఎత్తు కుదరాలి. పొట్టివాడి తర్వాత పొడుగువాడు వస్తే బొంగు ఓ పక్కకి లేస్తుంది, పైన జేగంటలు వెంటనే చాడీ చెప్తాయి. ఇదంతా రెండు మూడు క్షణాల్లో అయిపోతుంది. ఎవరూ నేర్పరు. ఏదో ఒక ఏడు "ఒరే, నువ్వురా" అని పిలుస్తారు, వెళ్లి దూరతావు, అంతే.

బొంగు కింద ఉన్నంతసేపూ సంప్రదాయం, వారసత్వం, నాలుగు వందల ఏళ్లు ఇవేవీ నాకు ఎప్పుడూ తట్టలేదు. కాలు ఎక్కడ వెయ్యాలన్నదే ఆలోచన. ముందువాడి మెడ మీద చెమట బొట్టు జారడం ఇప్పటికీ గుర్తుంది, ఆ ఏడు ప్రభ ఏ రంగో గుర్తు లేదు. ఈమధ్య వర్తమానంలో బతకడం ఎలాగో నేర్పడానికి శిబిరాలు పెడుతున్నారు, ఫోన్లో యాప్‌లు కూడా వచ్చాయి. నెలనెలా డబ్బు కట్టి మరీ ఊపిరి లెక్కపెట్టుకుంటున్నారు. కౌశికలో సగం దూరం వెళ్లినవాడికి ఆ ఖర్చుండదు. నేననేది ఇంతే. మనం కాపాడుకున్నామని చెప్పుకుంటున్న దాన్ని కాపాడాలన్న ఉద్దేశం అక్కడ ఎవరికీ లేదు. కాలు జారకుండా ఉండాలన్న ఉద్దేశమే ఉంది. మిగతాదంతా దాని వెనకే నడిచొచ్చింది.

ఇలా నడిచొచ్చేవి వేరే దేశాల్లోనూ ఉన్నాయి. రాజోలు వైపు మా చుట్టాలావిడ ఒకరు చాలా ఏళ్లు కువైట్‌లో ఇంటిపనికుండి వచ్చారు. అదే ఇంట్లో ఫిలిప్పీన్స్ అమ్మాయి ఉండేది. డిసెంబర్ వస్తే చాలు, ఆ పిల్ల కూల్‌డ్రింకు స్ట్రాలు, చాక్లెట్ కాగితాలు పోగేసి నక్షత్రం చేసి వంటగది కిటికీకి కట్టేదట. "మన చర్చి ముందర కడతారు కదండీ, అలాంటిదేనండి ఆయ్" అన్నారావిడ. వాళ్ల దేశంలో దాన్ని పరోల్ అంటారు. అసలుది వెదురు బద్దలతో, కాగితంతో చేస్తారు. మా చిన్నప్పుడు ఇక్కడ క్రిస్టియన్ల ఇళ్ల ముందు వేలాడిన నక్షత్రాలూ వెదురు బద్దలవే, మైదా ఉడికించిన బంక పెట్టి కాగితం అంటించేవారు. ఇప్పుడు అమలాపురం బజార్లో మడత విప్పితే తయారయ్యేవి దొరుకుతున్నాయి.

ఆవిడ చెప్పిన దాన్ని పట్టుకుని నేను కొంత చదివాను. పంపాంగ రాష్ట్రంలో శాన్ ఫెర్నాండో అనే ఊరుంది. అక్కడ క్రిస్మస్‌కి ముందు పేటలవాళ్లు పోటీలు పడి ఇరవై అడుగుల లాంతర్లు కడతారు. వెదురు పోయి ఇనప చట్రం వచ్చింది, దీపం పోయి 1930ల్లోనే కరెంటు బల్బులొచ్చాయి. వేల బల్బులు పాటకి తగ్గట్టు వెలిగి ఆరుతుంటాయి. వెలిగించే పద్ధతి చదివాక నాకు నిద్రపట్టలేదు. పెద్ద రేకు పీపా ఒకటి. దానికి వరసగా జడపిన్నులు ఆనించి ఉంటాయి, ఒక్కో పిన్నుకీ ఒక్కో బల్బుల వరస. పీపా మీద అక్కడక్కడ టేపు ముక్కలు అంటిస్తారు. మనిషి చేత్తో పీపా తిప్పుతుంటే పిన్ను కింద రేకు వచ్చినప్పుడు బల్బు వెలుగుతుంది, టేపు వచ్చినప్పుడు ఆరుతుంది. ఆ టేపు ముక్కల వరసే వాళ్ల స్వరలిపి. కంప్యూటర్ పెట్టలేక కాదు. తిప్పే మనిషి లేకపోతే పేటకి అక్కడ పనేముంటుంది?

అదే దేశంలో లుక్‌బాన్ అనే ఊళ్లో మే 15న రైతుల పండగ. వరిపిండిని ఆకు మీద పూసి, ఆవిరి పెట్టి, ఆకుని ఒలిచేసి పల్చటి రేకులు తీస్తారు. రంగులేసిన ఆ రేకుల్ని గుత్తులు గుత్తులుగా ఇంటి ముందు వేలాడదీస్తారు. తర్వాత కాల్చుకునో వేయించుకునో తినేస్తారు. ఆత్రేయపురంలో కుండ మీద పూతరేకు తీసే ఆడవాళ్లకి చూపిస్తే అర్థం చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి, ఫిలిప్పీన్స్‌లో 1992లో వచ్చిన చట్టం ప్రకారం జానపద కళాకారుల్లో గొప్పవాళ్లకి బిరుదు, నెలనెలా భృతి ఇస్తున్నారు. దానికో షరతు ఉంది, పిల్లలకి నేర్పాలి. మన దగ్గర వృద్ధ కళాకారులకిచ్చే పింఛనుకి వయసూ బీదరికమూ చూస్తారు. అది దయ. అక్కడ ఇచ్చేది జీతం అనిపించింది నాకు.

అంత దూరం వెళ్లక్కర్లేకుండా, కళని కాపాడడంలో ఏం పోతుందో మన ముమ్మిడివరంలోనే చూడొచ్చు. అక్కడా, గోదావరికి అటూ ఇటూ ఉన్న ఊళ్లలోనూ కలావంతుల కుటుంబాలుండేవి. గుళ్లో ఆడారు, పెళ్లిళ్లలో మేజువాణి చేశారు. పదానికి అభినయం పట్టడంలో ఆ ఇళ్ల ఆడవాళ్లది ఒక బడి. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ నిషేధ చట్టం తెచ్చింది. దాని వెనక ఉన్న అన్యాయాలు నిజం, చట్టం రావాల్సిందే. కానీ దాంతోపాటు వాళ్ల ఆట కూడా తప్పయిపోయింది. తర్వాత నటరాజ రామకృష్ణగారు ఆ ఆడవాళ్ల దగ్గర కూర్చుని తెలుసుకుని, ఆంధ్రనాట్యం పేరుతో దాన్ని వేదిక ఎక్కించారు. ఆయన లేకపోతే మనకి ఆ కాస్తా దక్కేది కాదు. అయినా వేదిక మీదకి నాట్యం వచ్చింది గానీ, ఆ ఇళ్లవాళ్లు రాలేదు. వాళ్ల పిల్లల్లో చాలామంది ఇంటిపేరు దగ్గర తడబడాల్సి వచ్చింది. దవేశ్ సోనేజీ అనే పరిశోధకుడు ఈ గోదావరి జిల్లాల ఇళ్లలో కూర్చుని విని 2012లో ఒక పుస్తకం రాశారు. చూసేవాళ్లెవరూ లేకపోయినా ఆ ఆడవాళ్లు తలుపులేసుకుని, తమలో తాము, పాత పదాలు పాడుకుని చేతులు తిప్పుకునేవారట. నాట్యాన్ని భద్రం చేసే ఉద్దేశం వాళ్లకుందని నేననుకోను. మధ్యాహ్నం ఖాళీ దొరికింది, చెయ్యి ఊరుకోలేదు.

మళ్లీ ప్రభ దగ్గరికొస్తే, మా పెద్దవాళ్ల గోల అంతా ఫోన్ల మీద. కుర్రాళ్లు ఒక చేత్తో బొంగు, ఒక చేత్తో వీడియో. "ఆ ఫోను జేబులో పెట్టి రెండో చెయ్యి ఇటియ్యరా అబ్బాయ్!" అని కేకలు. నాకు ఫోన్ల మీద అంత కోపం లేదు. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్నవాడు ఆ వీడియో చూసి పైయేడు టికెట్ కొనుక్కోవచ్చు. ఎల్‌ఈడీ బల్బులొచ్చినా, డీజే వచ్చినా (డీజే మీద కొంచెం ఉంది, చెప్పను) ఇబ్బంది లేదు. నాకు భయం వేసేది, కట్టే పనిని మొత్తంగా కాంట్రాక్టుకి ఇచ్చేద్దామన్న మాట అక్కడక్కడ వినపడుతున్నందుకు. డబ్బు మనది, చందా రసీదు మనది, సంక్రాంతికి తిన్నగా ముస్తాబైన ప్రభ లారీలో దిగుతుంది. ఎవడి చెవీ ఊడ మూలుగు వినదు.

మా అక్క కొడుకు హైదరాబాద్‌లో ఇంజినీరు. పోయిన పండక్కి ప్రభ కింద కాసేపు నడిచి, రాత్రి భుజానికి జండూబామ్ రాయించుకుంటూ ఒక లెక్క వేశాడు. "మావయ్యా, తాటి శూలాల బదులు అల్యూమినియం పైపులు పెడితే బరువు సగానికి దిగిపోతుంది."

"బరువు సగమైతే మోసేవాళ్లూ సగం చాలురా. మిగతా సగం మంది ఏం చేస్తారు, గట్టు మీద నించుంటారా?"

"ఉన్నదే సగం మంది కదా మావయ్యా! నిన్న మీరే అన్నారు, పట్టేవాళ్లు దొరకట్లేదని."

అన్న మాట నిజమే. ఊళ్లో చదువుకున్నవాళ్లు చదువుకోడానికి పోయారు, చదువుకోని వాళ్లు గల్ఫ్ పోయారు. మిగిలినవాళ్లలో షుగరున్న వాళ్లెంతమందో డాక్టర్లని అడగాలి. వాడి పైపుల్ని నేను కాదనలేకపోయాను. కాకపోతే ఒకటి చెప్పాను, పైపులైనా పెట్టుకో గానీ పై వంపు మాత్రం ఊడతోనే కట్టాలి, నువ్వే కట్టాలి. వాడికి పట్టుదలొచ్చింది. దసరా సెలవులకి వచ్చి నేర్చుకుంటానన్నాడు. ఇప్పుడు చిక్కేంటంటే, వంచడం తెలిసినవాళ్లలో ఒకరికి మోకాలి చిప్ప మార్చారు, ఇంకొకరు కూతురింటికి కాకినాడ వెళ్లిపోయారు. రోడ్డు వెడల్పులో మా వైపు మర్రిచెట్టు కొట్టేశారు. కాకినాడ ఆయనకి ఫోన్ చేస్తే, "వస్తానండి, ముందు ఊడలెక్కడివో చూసి ఉంచండి" అన్నారు. ముక్కామల వైపు కాలవగట్టు మీద ఒక మర్రి ఉందని ఎవరో చెప్పారు. ఆదివారం వెళ్లి చూడాలి.